గని మ్యూజియం, రంగురాళ్ల వేట: న్యూజెర్సీ పిల్లల్ని గోదావరి జిల్లాల్లో ఎక్కడికి తీసుకెళ్లాలి?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. న్యూజెర్సీలో ఉంటున్న మీ చెల్లెలి కుటుంబం జూన్ చివర్లో భీమవరం వస్తోంది. పాపకి పదకొండేళ్లు, బాబుకి ఏడేళ్లు. అక్కడ వాళ్లు స్టెర్లింగ్ హిల్ అనే గని మ్యూజియం చూశారు, నీళ్ల తొట్టెలో ఇసుక కడిగి రంగురాళ్లు ఏరుకున్నారు. "మావయ్యా, ఇండియాలో కూడా ఇలాంటిది చూపించు" అని ఫోన్లో పట్టుబడుతున్నారు. మీరు మూడు విషయాలు అడిగారు. గోదావరి జిల్లాల్లో అలాంటి చోటు ఉందా? ఏజెన్సీలో రంగురాళ్లు తవ్వే చోటికి తీసుకెళ్తానంటున్న పరిచయస్తుడితో వెళ్లవచ్చా? ఇక్కడ దొరికిన రాళ్లు అమెరికా పట్టుకెళ్లనిస్తారా?

నేను రాళ్లూ మట్టీ చూసే ఉద్యోగం చేసి రిటైరై రాజమండ్రిలో ఉంటున్నాను. మా ఇంటికొచ్చే పిల్లలూ ఇలాంటివే అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. వెళ్లకండి.

తూర్పు కనుమల్లో రంగురాళ్లు ఉన్నమాట నిజమే. అడ్డతీగల వైపు నుంచి నర్సీపట్నం, గొలుగొండ, గూడెం కొత్తవీధి దాకా ఆ కొండల్లో క్రైసోబెరిల్ జాతి రాళ్లు, అంటే వైడూర్యం, అలెగ్జాండ్రైట్ లాంటివి, అక్కడక్కడా దొరుకుతాయి. కానీ అక్కడ దొంగచాటుగా జరిగేదాన్ని గని పని అనలేం. రిజర్వు ఫారెస్టులో గునపాలతో నిలువు గొయ్యి తీసి, రాయి ఉన్న పొర తగలగానే పక్కకి బొరియలు తవ్వుకుంటూ పోతారు. పైకప్పుకి ఆసరా ఏమీ పెట్టరు. పైనున్నదంతా కుళ్లిన రాయి, ఎర్రమట్టి. గట్టిగా ఒక వాన పడితే జారిపోతుంది. మట్టిపెళ్లలు విరిగిపడి కూలీలు చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. మీవాళ్లు వచ్చేది సరిగ్గా వానల్లో. పైగా అడవిలో అనుమతి లేని తవ్వకం నేరం. తవ్వేది మీరు కాకపోయినా, అక్కడ పట్టుబడితే ఆ సంగతి స్టేషన్లో వివరించుకోవాల్సింది మీరే.

"తవ్వకం దూరం నుంచే చూద్దాం" అంటాడు మీ పరిచయస్తుడు. అక్కడికి వెళ్లాక ఎవరో ఒకరు రుమాలు మూట విప్పి, "అసలు సిసలు వైడూర్యం, మీరు కాబట్టి ఈ రేటు" అంటారు. అది గాజో, ఫ్యాక్టరీలో చేసిన రాయో కొండ మీద నిలబడి తేల్చడం నావల్ల కూడా కాదు.

పోనీ అనుమతి ఉన్న గనికే వెళ్దాం అంటారేమో. అదీ కుదరదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం, 45వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు పని నడుస్తున్న గనిలో, పైభాగంలోనైనా సరే, ఉండకూడదని ఉండేది. ఆ చట్టం పోయినా ఆ జాగ్రత్త పోలేదు. సింగరేణిలో మీకు తెలిసిన ఆఫీసరు ఉన్నా, క్వారీ ఓనరు మీ సొంత బావగారైనా పిల్లల్ని లోపలికి తీసుకెళ్లమని అడగకండి, ఆయన ఇబ్బందుల్లో పడతాడు. పిల్లలు చూడగలిగిన గని అంటే సాధారణంగా మూతపడిన గనే. స్టెర్లింగ్ హిల్ కూడా అంతే. అది జింకు గని. 1986లో మూతపడింది, 1990లో మ్యూజియంగా తెరిచారు. అక్కడి విల్లెమైట్ అనే ఖనిజం అల్ట్రావయొలెట్ కాంతిలో పచ్చగా, కాల్సైట్ ఎర్రగా వెలుగుతాయి. పిల్లలు మర్చిపోలేకపోతున్నది బహుశా ఆ గదినే. దానికి సాటి వచ్చేది మన చుట్టుపక్కల లేదు, ఆ మాట వాళ్లకి ముందే చెప్పేయండి. మన దేశంలో గని లోపల నడిచినట్టు ఉండాలంటే కోల్‌కతాలో బిర్లా ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియం ఉంది. అక్కడ భూగర్భ బొగ్గుగని నమూనా కట్టి పెట్టారు. అయితే దానికోసమే పిల్లల్ని వేసుకుని అంతదూరం రైలెక్కమని నేను చెప్పను. ఎప్పుడైనా అటు వెళ్తే సరే.

ఇసుక కడిగి రాళ్లు ఏరే ముచ్చట మాత్రం మన దగ్గర వాళ్లకంటే బాగా తీర్చుకోవచ్చు. అమెరికాలో ఇలాంటి చోట్ల అమ్మే బకెట్లలో, సంచుల్లో చాలావరకు రాళ్లు ముందే కలిపి ఉంచుతారు. ఎక్కడెక్కడినుంచో కొన్న అమెథిస్ట్, క్వార్ట్జ్, గార్నెట్ తునకలవి. అందులో మన దేశం నుంచి వెళ్లినవీ ఉంటాయి. దాన్ని మోసం అనను. డబ్బు కట్టిన పిల్లాడు ఉత్త చేతులతో ఏడుస్తూ పోకూడదని చేసిన ఏర్పాటు. నిజంగా నేలలో ఉన్నదాన్నే వెతుక్కునే చోటు కావాలంటే ఆర్కన్సా రాష్ట్రంలో క్రేటర్ ఆఫ్ డైమండ్స్ అని ఒక పార్కు ఉంది. 1972 నుంచి అది స్టేట్ పార్కు. దొరికిన వజ్రం దొరికినవాళ్లదే. మీ చెల్లెలికి చెప్పండి, ఎప్పుడైనా వెళ్తారు.

మన దగ్గర కలపక్కర్లేదు, నదే కలిపి తెచ్చింది.

డెల్టాలో పెరిగినవాళ్లకి రాయి అంటే లారీలో వచ్చే వస్తువు. భీమవరంలోనో అమలాపురంలోనో నుయ్యి తవ్వితే ఒండ్రు, బంకమన్ను, ఇసుక తప్ప రాయి తగలదు. డెల్టాలో నేల లోపలి నుంచి తీసేది చమురు, గ్యాసు. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ అయి, అంటే గ్యాసు అదుపుతప్పి ఎగజిమ్మి, 65 రోజులు మండింది. ఆ మంట సంగతి మీ అమ్మగారిని అడగండి, పిల్లలకి నాకన్నా బాగా చెబుతారు. కోనసీమలో తిరిగితే రిగ్గులు, తాటిపాక రిఫైనరీ కారులోంచి కనిపిస్తాయి, అంతకుమించి చూసేదేమీ లేదు. రాతి గని లేదు కాబట్టి గని మ్యూజియమూ లేదు. కానీ ఆ ఒండ్రు ఎక్కడిదో ఆలోచించండి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వస్తుంది. పై సగమంతా దక్కన్ బసాల్ట్ మీద. ఆ నల్లరాయి బుడగల్లో పెరిగిన అగేట్, చాల్సెడొనీ అనే రంగురాళ్లు గులకలై దొర్లుకుంటూ వస్తాయి. కిందికి వచ్చి ప్రాణహిత కలిశాక బొగ్గుపొరలున్న గోండ్వానా ఇసుకరాళ్లు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త యెల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టింది, 1889లో సింగరేణి బొగ్గు తీయడం మొదలైంది ఆ రాళ్లలోనే. ఆ తర్వాత పాపికొండలు. అక్కడి ఖొండలైట్ రాయి నిండా గార్నెట్లు. ఇవన్నీ అరిగి, నలిగి ధవళేశ్వరం దాటి మన వీధిలోకి ట్రాక్టరు మీద వస్తున్నాయి. మనం వాటిలో సిమెంటు కలిపి గోడకి పూస్తున్నాం.

కాబట్టి మొదటి రోజు ఎక్కడికీ వెళ్లకండి. మీ వీధిలో ఎక్కడో ఒకచోట ఇల్లు కడుతూనే ఉంటారు. ప్లాస్టరింగ్ కోసం ఇసుక జల్లించాక మిగిలిన గులక పక్కన పోసి ఉంటుంది, దానితో వాళ్లకి పెద్ద పని లేదు. మేస్త్రిని అడిగితే రెండు తట్టలు ఊరికే ఇస్తాడు. గోదావరి ఇసుకేనా అని మాత్రం అడిగి తెచ్చుకోండి. ఇసుక ర్యాంపులకి వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. వానాకాలంలో తవ్వకం ఆపేస్తారు, జూలైకి ఎర్రనీరు వస్తుంది, ఏటిగట్టు దిగడం పిల్లలున్నప్పుడు మంచిది కాదు.

పెరట్లో ఒక టబ్బు, ఒక పిండిజల్లెడ, ఒక పెద్ద కన్నాల జల్లెడ, పాత పళ్లేలు, కోడిగుడ్ల అట్టలు రెండు. ఇవి చాలు. కొనాల్సింది ఒక్కటే, పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం. నగల షాపువాళ్లు కంటికి పెట్టుకునే రకం. మంచిదే కొనండి, ప్లాస్టిక్‌ది కొంటే రెండో నిమిషంలో పిల్లలకి విసుగొస్తుంది.

గులకని తడిపి చూడాలి. పొడిగా ఉంటే అన్నీ బూడిదరంగే. తడిసిన రాయిని మొబైల్ టార్చి మీద పెట్టి చూస్తే కాంతి లోపలికి దిగి తేనెరంగులోనో, పొగరంగులోనో మెరిసేది చాల్సెడొనీ. దానిలో సన్నటి చారలు వరసగా ఉంటే అగేట్. కాంతి దిగకుండా ఇటుక ఎరుపులోనో, పసుపులోనో నున్నగా ఉంటే జాస్పర్. తెల్లగా, గాజులాగా ఉండేది పలుగురాయి, అదే ఎక్కువ. నల్లగా బరువుగా ఉండేది బసాల్ట్. బాబు "పచ్చ దొరికింది" అని అరిచాడంటే అది బీరు సీసా ముక్క అయి ఉంటుంది. నదిలో అరిగిన గాజు నిజంగానే అందంగా ఉంటుంది, పారేయించకండి. అదేమిటో తేల్చే పరీక్ష పాపకి అప్పగించండి. పాత గాజు ముక్క మీద రాయిని గట్టిగా గీయాలి. పలుగురాయి, అగేట్ గాజు మీద గీత పెడతాయి, కాల్సైట్ పెట్టలేదు. గీయబోయే గాజుని బల్ల మీద పెట్టి గీయమనండి, చేత్తో పట్టుకుని కాదు.

సన్న ఇసుకకి వేరే పద్ధతి. ఇక్కడ మీ అమ్మగారు రంగంలోకి దిగాలి. బియ్యం గాలించి రాళ్లు తీయడం ఆవిడకి వచ్చే ఉంటుంది. బంగారం గాలించేవాళ్లు చేసేదీ అదే, కాకపోతే మనం బియ్యం పైకి తీసుకుని రాళ్లు వదిలేస్తాం, వాళ్లు పైది వదిలేసి అడుగుది ఉంచుకుంటారు. లోతు పళ్లెంలో గుప్పెడు ఇసుక, నిండా నీళ్లు పోసి, గుండ్రంగా తిప్పుతూ, ఒక అంచు వంచి కొద్దికొద్దిగా పైనీళ్లతోపాటు తేలిక ఇసుకని వదిలేయాలి. మామూలు ఇసుక, అంటే క్వార్ట్జ్, నీటికి 2.65 రెట్ల బరువు. గార్నెట్ నాలుగు రెట్ల చుట్టూ, ఇల్మెనైట్, జిర్కాన్ అనే బరువైన ఖనిజాలు నాలుగున్నర దాటి. ఆ తేడా వల్లే అడుగున సన్నటి నల్లటి తోక మిగులుతుంది. మొదట ఆవిడ చేతుల్లో నేర్చుకోనివ్వండి. యూట్యూబ్ చూసి నేర్చుకున్నవాళ్లు ముందు మొత్తం పారబోసుకుంటారు.

ఆ నల్ల తోకే అసలు సరుకు. ఆరబెట్టి తెల్లకాగితం మీద పోయండి. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని పల్చటి పాలిథిన్ కవరులో చుట్టి దాని పైన ఆడించండి. కవరు లేకుండా పెడితే ఆ పొడి అయస్కాంతానికి అతుక్కుని జన్మలో వదలదు. ఎగిరొచ్చి అంటుకునేది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. మిగిలినదాన్ని భూతద్దంలో చూస్తే లేత గులాబీ, ఎరుపు గింజలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. నవరత్నాల్లో గోమేధికం కూడా ఈ జాతిదే, రకం వేరు. ఇసుక గింజంత గార్నెట్ ఉంగరానికి పనికిరాదు, అమ్మితే పైసా రాదు. ఇంటికొచ్చిన బాబాయిలు "దీని రేటెంత?" అని అడిగి పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లకుండా చూసుకోండి.

పాప కాస్త పెద్దది కాబట్టి ఒక విషయం చెప్పండి. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట అనే కొండ ఉంది, దాన్నిండా గార్నెట్లే. పుదుచ్చేరి పక్కన అరికమేడులో, రోమన్లతో వ్యాపారం నడిచిన కాలపు రేవులో దొరికిన గార్నెట్ పూసలు ఆ కొండవేనని లోపలి ఖనిజాలు పోల్చి చూసి తేల్చారు. మన గోదావరి పక్క కొండ రాయి అంత దూరం వెళ్లి పూసైందంటే న్యూజెర్సీ పిల్లలకి కూడా ఆసక్తి పుడుతుంది.

రెండోది, సముద్రం. భీమవరానికి దగ్గరది పేరుపాలెం. నరసాపురం వైపు వెళ్లి, పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటి అంతర్వేది వెళ్లినా సరే. పంటు ప్రయాణం పిల్లలకి బోనస్. ఒడ్డున ఇసుకలో నల్లటి చారలు చూసే ఉంటారు. చాలామంది మురికి అనుకుంటారు. అలలు తేలిక ఇసుకని లాక్కుపోయి బరువైన గింజల్ని ఒడ్డున వదిలేస్తే ఏర్పడిన పొరలవి. సముద్రం పోటెత్తి తగ్గాక ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి, కాబట్టి వానాకాలం ఈ పనికి మంచిదే. ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, రూటైల్, కొద్దిగా మోనజైట్ ఉంటాయి. పళ్లెంలో నదీతీరపు ఇసుకతో గంటసేపు కష్టపడితే వచ్చేది ఇక్కడ గుప్పిట్లో దొరుకుతుంది. అక్కడే కూర్చుని భూతద్దంతో చూపించండి.

కానీ సంచుల్లో నింపుకురావద్దు. మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది, అందుకని ఈ బీచ్ ఇసుక ఖనిజాల తవ్వకం 2019 నుంచి ప్రభుత్వ సంస్థలకు తప్ప ఎవరికీ లేదు. ఇసుకలో ఆడుకుంటే ఏమన్నా అవుతుందేమో అని టెన్షన్ పడనక్కర్లేదు, అక్కడ పుట్టి పెరిగిన ఊళ్లున్నాయి. చూసి వదిలేయమనే నా సలహా చట్టం కోసం. ఇక నీళ్లలోకి దింపకండి. ఆ నెలల్లో అలలు మొరటుగా ఉంటాయి, పేరుపాలెంలో ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. మోకాళ్ల లోతు కూడా వద్దు. పొద్దున్నే వెళ్లి ఎండ ఎక్కేలోపు తిరిగొచ్చేయండి.

మూడోది ధవళేశ్వరం. ఇది మీరు ఊహించి ఉండరు. కాటన్ మ్యూజియానికి అందరూ ఆనకట్ట కోసం వెళ్తారు. నేను రాయి కోసం వెళ్లమంటాను. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశారంటే అంత రాయి ఎక్కడిదని అడగాలి కదా. పక్కనున్న కొండ. ఆ కొండని తొలిచి రాయి తీశారు. రాయి మోయడానికి 1840లలోనే అక్కడ పట్టాలు వేశారు. బొంబాయి నుంచి ఠాణాకి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అంటే రైలు చరిత్రలో మన ధవళేశ్వరం క్వారీ బొంబాయి కన్నా ముందుంది. మ్యూజియంలో ఆనకట్ట కట్టిననాటి పనిముట్లు, నమూనాలు, బొమ్మలు చూడవచ్చు. గని మ్యూజియం అనే బోర్డు లేదు గానీ, రాయి ఎలా తవ్వారు, ఎలా మోశారు, ఎందుకు తవ్వారు అనే కథ మొత్తం అక్కడుంది. పిల్లలకి కాటన్ దొరగారి కథ ఒక్కటే చెప్పి ముగించకండి. కొండని చూపించి, బ్యారేజీ మీద నిలబెట్టి, "అక్కడి రాయి ఇక్కడికి ఎలా వచ్చింది?" అని అడిగి వాళ్ల బుర్రకి వదిలేయండి.

వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో తాడేపల్లిగూడెం, నల్లజర్ల మీదుగా దేవరపల్లి వైపు రండి. దుద్దుకూరు, గౌరీపట్నం, పంగిడి చుట్టుపక్కల నల్లరాతి క్వారీలు, క్రషర్లు కనిపిస్తాయి. మన రోడ్ల కంకర చాలావరకు అక్కడిదే. ఆ నల్లరాయి లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటిది, డైనోసార్లు అంతరించిన కాలం. అది ఇక్కడ పుట్టిన లావా కాదనీ, పశ్చిమ కనుమల దగ్గర పొంగి వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చిందనీ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. ప్రపంచంలోనే అతి పొడవైన లావా ప్రవాహాల్లో అదొకటి. రెండు లావా పొరల మధ్య తెల్లటి సున్నపురాయి పొర ఉంటుంది, దానిలో నత్తగుల్లలు, ఆల్చిప్పలు శిలాజాలై ఉన్నాయి. ఇప్పుడు సముద్రానికి అంత దూరంలో ఉన్న ఆ నేల దగ్గరికి అప్పుడు సముద్రం వచ్చిందన్నమాట. రాజమండ్రి పక్కన కాతేరులోనూ ఇదే వరస ఉంది. నా మట్టుకు నేను మన జిల్లాల్లో అన్నింటికన్నా గొప్ప చోటు ఇదే అంటాను. అయినా ఒక బోర్డు లేదు, కంచె లేదు, వెళ్లి చూసేలా ఏర్పాటు లేదు.

రోడ్డు మీద నుంచే చూపించండి. క్వారీలోకి దిగవద్దు. అది పని నడుస్తున్న గని కావడం ఒక కారణం, పేలుళ్లు ఇంకో కారణం. వదిలేసిన గుంటల్లో వాననీళ్లు నిండి ఉంటాయి, లోతు తెలియదు, అంచు జారుతుంది. రోడ్డు వారన పడిన తెల్లరాయి ముక్క దొరికితే మేకుతో గీకి పొడి రాలాక దానిమీద వెనిగర్ బొట్టు వేయండి. బుస్సుమని నురగ వస్తే సున్నపురాయి. నిమ్మకాయైనా పనిచేస్తుంది. ఏడేళ్ల బాబుకి ఆ రోజంతటికీ అదే హైలైట్ అవుతుంది, రాసిపెట్టుకోండి.

ఇంకో రెండు రోజులు చేతిలో ఉంటే బొర్రా గుహలు. విశాఖ నుంచి పొద్దున బయల్దేరే కిరండూల్ రైలెక్కండి, కారు వద్దు. ఆ లైను వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి. 58 సొరంగాలు. ఎదురుగా ఖనిజం గూడ్సులు దిగుతుంటాయి, ఆ ఎర్రదుమ్మే ఇనుము అని చూపించవచ్చు. పని చేస్తున్న గనికి సంబంధించినది ఏదైనా పిల్లలకి దగ్గర నుంచి, చట్టప్రకారం, సురక్షితంగా చూపించగలిగేది నాకు తెలిసి ఇదొక్కటే. బొర్రా చుట్టూ కాల్సైట్, మైకా తవ్వకాల చరిత్ర కూడా ఉంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు పుట్టింది అక్కడి లీజుల గొడవలోంచే. గిరిజన ప్రాంతంలో ప్రభుత్వం గిరిజనేతరులకి గని లీజులు ఇవ్వకూడదని తేల్చిన తీర్పు అది. అన్నట్టు, గుహల్ని 1807లో జియలాజికల్ సర్వేకి చెందిన దొర ఒకాయన కనిపెట్టాడని చాలాచోట్ల రాస్తారు. ఆ సర్వే పుట్టిందే 1851లో. గుహ గిరిజనులకి అంతకు ముందే తెలుసన్నది వేరే సంగతి. గుహలో మెట్లు ఎక్కువ, వానాకాలం తడిగా ఉంటాయి. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఆవిడని అరకులో కూర్చోబెట్టి వెళ్లండి. వానలు బాగా పడితే కొండచరియలు విరిగి రైళ్లు రద్దవుతుంటాయి, బయల్దేరే ముందు రోజు చూసుకోండి. గుహలో ముక్క అంటూ ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

మీ బావగారు వజ్రాల వేట గురించి అడిగారని రాశారు. తొలకరి తర్వాత జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో, వజ్రకరూరులో, కృష్ణ ఒడ్డున గుడిమెట్లలో జనం వెతకడం నిజమే. ఒకప్పుడు ప్రపంచానికి వజ్రాలిచ్చిన కృష్ణా లోయ అది, కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. కానీ అవి రైతుల పొలాలు. నీడ ఉండదు, పిడుగులు పడే కాలం, పగలంతా వంగి వెతికితే దొరికేది నడుంనొప్పి. పెద్దవాళ్లు సరదాపడితే వెళ్లండి, పొలం యజమానిని అడిగి దిగండి. పిల్లలతో వద్దు.

ఇక రాళ్లు అమెరికా పట్టుకెళ్లడం. పెరట్లో ఏరిన అగేట్, జాస్పర్, పలుగురాళ్లు కొన్ని తీసుకెళ్తే ఇబ్బంది ఉండదు. వాళ్లకి అభ్యంతరం మట్టి మీద. విదేశీ మట్టి అనుమతి లేకుండా అమెరికాలోకి రానివ్వరు. కాబట్టి ప్రతి రాయినీ పాత టూత్‌బ్రష్‌తో పగుళ్లలోకి కూడా రుద్ది కడిగి, రెండు రోజులు ఎండబెట్టాలి. ఒండ్రు ముద్దలు, మొక్కల వేళ్లు అంటుకున్నవి వద్దు. సముద్రపు నల్ల ఇసుక సీసాలో పోసుకెళ్తామంటే ఒప్పుకోకండి. శిలాజమున్న రాళ్లు కూడా ఇక్కడే ఉంచేయండి. విమానంలో చేతి సంచిలో పెడితే స్కానర్ దగ్గర ఆపి విప్పిస్తారు, చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. అక్కడ దిగాక కస్టమ్స్ వాళ్లు అడిగితే దాచకుండా రాళ్లున్నాయని చెప్పమనండి. బరువు చూసుకోమనండి, ఆవకాయ జాడీలకి చోటు మిగలాలి.